“అంతా డూపే కదా మాస్టారూ?” ట్యాగ్ టీమ్ రెజ్లింగ్: అపోహలు, వాస్తవాలు

మొన్న వేసవి సెలవుల్లో ఒకావిడ మా జిమ్‌కి వచ్చింది. వెనకాల ఎనిమిదో తరగతి కుర్రాడు, మెడకి పట్టీ. వీడూ, పెదనాన్న కొడుకులిద్దరూ, పక్కింటి గుంటడూ కలిసి నాగావళి ఇసుకలో ట్యాగ్ టీమ్ ఆడారట, అదే టీవీ రెజ్లింగ్‌లో ఇద్దరిద్దరు జట్టుగా, ఒకడు రింగ్‌లో ఉంటే రెండోవాడు మూలన నిలబడి, చేతికి చెయ్యి తగిలించుకుని మారే ఆట. అన్నలిద్దరూ కలిసి వీణ్ని ఎత్తి తలకిందులుగా దించారు. అదృష్టం బాగుండి ఎముకకేం కాలేదు, కండరాలు పట్టేశాయన్నారు డాక్టరు గారు.

“టీవీలో అంతా డూపే కదా మాస్టారూ, మరి మావోడికి ఎందుకు తగిలీసింది?” అని అడిగిందావిడ. వెటకారంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

శ్రీకాకుళంలో జిమ్ పెట్టక ముందు నాలుగేళ్లు పంజాబ్, హర్యానా వైపు ట్యాగ్ టీమ్ రెజ్లర్‌గా తిరిగాను. ఊరొచ్చిన దగ్గర్నుంచీ టీ కొట్టు దగ్గరా, పెళ్లి భోజనాల దగ్గరా ఇదే మాట వింటున్నాను. విని నవ్వేసి ఊరుకునేవాణ్ని. ఆ పిల్లాడి మెడ చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

అపోహ: అంతా డూపు, ఎవరికీ ఏమీ అవ్వదు

గెలిచేదెవరో ముందే అనుకుంటారు, నిజమే. ఇందులో రహస్యం లేదు. 1989లోనే అమెరికాలో న్యూజెర్సీ చట్టసభ ముందు రెజ్లింగ్ షోలు నడిపే అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) వాళ్లే “ఇది పోటీ కాదు, వినోదం” అని ఒప్పుకున్నారు, క్రీడల కమిషన్ ఆంక్షలు తప్పించుకోడానికి. అయితే ముందే అనుకునేది ఫలితాన్ని. తొంభై కిలోల మనిషి వెల్లకిలా పడితే ఆ పడటం పడటమే. రింగ్ అంటే పరుపనుకుంటారు చాలామంది. ఇనుప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పలచటి ఫోమ్, పైన కాన్వాస్ గుడ్డ. అంతే. మొదటి నెలంతా నేను రాత్రుళ్లు బోర్లా పడుకునే నిద్రపోయాను.

పడటాన్ని మేం బంప్ అంటాం. గడ్డం ఛాతీకి ఆనించాలి, ఊపిరి వదిలెయ్యాలి, వీపు పైభాగం మొత్తం ఒకేసారి నేలకి తగలాలి, రెండు చేతులూ చాచి మ్యాట్‌ని కొట్టాలి. చెయ్యి వెనక్కి పెట్టి ఆపుకోబోతే మణికట్టు పోతుంది. గడ్డం లేచిందా, తల వెనక భాగం కొట్టుకుంటుంది. ముందు గొంతుక్కూర్చుని పడటం, తర్వాత నించుని పడటం. అది ఒంటికి పట్టాకే ఎవరైనా నిన్ను ఎత్తేది.

టీవీ చూస్తే తెలియని సంగతి ఇంకొకటుంది. ఎత్తేవాడి బలం కన్నా ఎత్తించుకునేవాడి పని ఎక్కువ. చోక్‌స్లామ్‌లో గొంతు పట్టుకుని ఎవరూ ఎవర్నీ లేపలేరు. పడేవాడే ఎగురుతాడు, అవతలివాడి చేతి మీద తన బరువు ఆనించుకుంటాడు. పైల్‌డ్రైవర్ అంటే మనిషిని తలకిందులుగా పట్టుకుని కూలబడటం. అందులో తల తొడల మధ్య పైకి ఉంటుంది, నేలకి తగలనివ్వరు. అంటే ప్రత్యర్థి కూడా మన పార్ట్‌నరే. పిల్లల ఆటలో ఏమవుతుంది? బలమైనవాడు ఎత్తుతాడు, బక్కపిల్లాడు గింజుకుంటాడు. ఇద్దరు కలిసి ఎత్తితే మరీ ఘోరం. తల బాధ్యత ఎవరిదో ఇద్దరిలో ఒక్కడికీ తెలీదు. ఇసుక మెత్తగానే ఉంటుందిగా అంటారు. తల ఇసుకలో దిగబడి ఆగిపోతుంది, ఒంటి బరువు వెనకాలే వస్తుంది. మధ్యలో నలిగేది మెడే.

నేర్చినవాళ్లకే తప్పలేదు. అమెరికా రెజ్లర్ స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్ 1997 సమ్మర్‌స్లామ్ షోలో ఒక్క పైల్‌డ్రైవర్ గతి తప్పి కాసేపు కాళ్లూ చేతులూ ఆడక పడిపోయాడు. జపాన్‌లో మిత్సుహారు మిసావా పేరు మోసిన రెజ్లర్. 2009 జూన్‌లో హిరోషిమాలో, ట్యాగ్ టీమ్ మ్యాచ్‌లోనే, బ్యాక్ సూప్లెక్స్ (వెనక నుంచి పట్టి ఎత్తి వెనక్కి పడేసే పట్టు) పడ్డాక మరి లేవలేదు. వయసు 46.

నా సంగతీ చెప్తాను. ట్యాగ్ అంటే చేతికి చెయ్యి తగిలించడమేగా, జనానికి కనిపించేది అంతే. కానీ మేం మాట్లాడుకునేది అక్కడే. నా పార్ట్‌నర్ హర్యానా వాడు, నాకన్నా పెద్దవాడు, భాయ్ అనేవాణ్ని. ట్యాగ్ ఇచ్చేటప్పుడు చెయ్యి నొక్కుతాడు. నేను తిరిగి నొక్కితే బానే ఉన్నానని. ఒక బడి మైదానంలో షో. రింగ్ పలక ఒకటి వదులుగా ఉంది, చూసుకోలేదు. ఓరగా పడ్డాను. భుజం నుంచి వేళ్ల దాకా మంట, తర్వాత చెయ్యి ఉన్నట్టే తెలీలేదు. మూల దాకా పాక్కుంటూ వెళ్లాను. జనం ఈలలు వేస్తున్నారు, అదంతా నటన అనుకుని. భాయ్ చెయ్యి అందుకుని నొక్కాడు. నేను నొక్కలేకపోయాను. ఆ తర్వాత ఇంకా పది నిమిషాలు నడవాల్సిన మ్యాచ్‌ని నిమిషంలో ముగించేశాడు, మేం ఓడిపోయేట్టు. ఆ రోజు గెలవాల్సింది మేమే. నిర్వాహకుడు డబ్బు కోసేశాడు. భాయ్ ఆ మాట నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు, వేరేవాళ్లు చెబితే తెలిసింది.

అందుకే తల్లులకి చెప్పేది ఒక్కటే. పిల్లాడు తల మీదో మెడ మీదో పడి, మెడ నొప్పనో కాళ్లూ చేతులూ తిమ్మిరనో అంటే లేపి కూర్చోబెట్టొద్దు, నీళ్లు పట్టొద్దు, మెడ తిప్పి చూడొద్దు. ఉన్నవాణ్ని ఉన్నట్టే ఉంచి 108కి ఫోన్ చెయ్యండి. లేచి తిరుగుతున్నా సరే, వాంతులో మగతో తలనొప్పి పెరగడమో ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిట్టడం తర్వాత తిట్టుకోవచ్చు. తిడతారని భయపడే చాలామంది పిల్లలు దెబ్బ దాచేస్తారు.

అపోహ: అండర్‌టేకర్, కేన్ సొంత అన్నదమ్ములు

కారు. డబ్ల్యూడబ్ల్యూఈ కథలో మాత్రమే అన్నదమ్ములు. కేన్ అసలు పేరు గ్లెన్ జేకబ్స్, 2018లో అమెరికాలో నాక్స్ కౌంటీకి మేయరయ్యాడు. ట్యాగ్ టీమ్ జట్లలో హార్డీలు నిజం అన్నదమ్ములు, డడ్లీలు కాదు. అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలని మా చిన్నప్పుడు రెజ్లర్ల బొమ్మల ట్రంప్ కార్డులు పంచుకుంటూ ఒట్లు వేసుకునేవాళ్లం. ఇప్పటికీ ఒకరిద్దరు నన్ను పక్కకి పిలిచి అడుగుతారు, ఏం చెప్పమంటారు!

అపోహ: రక్తం రంగు నీళ్లు

చాలాసార్లు నిజం రక్తమే, నుదుటి మీద బ్లేడుతో కోసుకునేది. గొప్పేం కాదు, వదిలెయ్యండి.

అపోహ: రిఫరీ గుడ్డోడు

గుడ్డోడిలా ఉండటమే ఆయన పని. ట్యాగ్ మ్యాచ్‌లో వెనక జరిగే అన్యాయం ఆయన చూసేస్తే కథ ఎలా నడుస్తుంది? కానీ మా ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదో దగ్గరుండి చూసేదీ ఆయనే. రెండు చేతులూ పైకెత్తి ఒకదాని మీద ఒకటి X లా అడ్డంగా పెట్టాడంటే దెబ్బ నిజమైనదని లోపలి వాళ్లకి గుర్తు.

అపోహ: ఇది నేర్చుకుంటే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం

రాదు. కోటా ఉన్నది మామూలు కుస్తీకి, కబడ్డీకి, వెయిట్‌లిఫ్టింగ్‌కి. విజయనగరం పక్కన కొండవెలగాడ వెళ్లి చూడండి, బరువులెత్తి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు ఎంతమందో. మల్లీశ్వరి సిడ్నీలో కంచు తెచ్చింది మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచే కదా. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో జీతం, పింఛను ఉండవు. మ్యాచ్‌కి ఇంత, అదీ ఇస్తే. 2023 సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగింది. జాన్ సీనా, సేత్ రోలిన్స్ ఆడింది ట్యాగ్ మ్యాచే. ఆ తర్వాత డిగ్రీ మానేస్తానంటూ నా దగ్గరికి ముగ్గురొచ్చారు. వాళ్లలో ఒకడైతే “సెలెక్షన్ చేయిస్తా” అన్నవాడికి అప్పటికే ముప్పై వేలు కట్టి వచ్చాడు. ఆ డబ్బు తిరిగి రాలేదు. నేర్పినందుకు ఫీజు తీసుకోవడం వేరు, సెలెక్షన్ అమ్మడం వేరు నాయనా.

ఆ కుర్రాడి పట్టీ తీసేశారు, ఇప్పుడు బానే ఉన్నాడు. వాణ్ని ఎత్తేసిన పెద్దోడి గురించే వాళ్లమ్మ దిగులు పెట్టుకుంది. “మా బావగారి పెద్ద గుంటడు ఆ రోజు నుంచీ మా గుమ్మం తొక్కట్లేదు బాబూ, పిలిస్తే గోడవతల నుంచే పారిపోతున్నాడు” అంది. వాణ్నీ తీసుకురమ్మన్నాను. ఆదివారం ఇద్దర్నీ తెస్తానంది.