పచ్చికలో కొంగ ఈగలు

సెప్టెంబరు మూడో వారంలో అమ్మానాన్న తెనాలి దగ్గర పల్లె నుంచి బోథెల్‌లోని మా ఇంటికి వచ్చారు. సియాటిల్‌కు ఈశాన్యంగా ఉండే ఊరు ఇది. ప్రయాణ బడలిక ఇంకా తీరకముందే, రెండో రోజు సాయంత్రం, అమ్మ గబగబా తలుపులు మూయడం మొదలుపెట్టింది. పెరటి దీపం చుట్టూ, గోడ మీద, దోమతెర మీద, కాళ్లు బారచాపుకుని పదుల సంఖ్యలో పురుగులు. చూస్తే అచ్చం దోమలే. కాకపోతే ఒక్కొక్కటి మామూలు దోమకు నాలుగైదింతలుంది. "ఇక్కడి దోమలు ఇంతింత ఉంటాయని ఫోనులో ఒక్కసారైనా చెప్పావా?" అని అమ్మకు కోపం వచ్చింది. నాన్న మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "దోమైతే ఈపాటికి కుట్టేది" అన్నారు.

ఆయన అన్నది నిజమే. అవి క్రేన్ ఫ్లైలు. క్రేన్ అంటే కొంగ జాతి పక్షి కనుక కొంగ ఈగలు అని పిలుచుకోవచ్చు, ఆ కాళ్లకు పేరు సరిగ్గా సరిపోతుంది. దోమకు దూరపు చుట్టాలే గాని కుట్టే నోరు వీటికి లేదు. రెక్కలు వచ్చాక ఇవి దాదాపు ఏమీ తినవు. లోకంలో కెల్లా విషపూరితమైన పురుగు ఇదేననీ, కోరలు పొట్టివి కాబట్టి మనం బతికిపోయామనీ ఒక కథ ఇంగ్లిషు మాట్లాడే దేశాల్లో తిరుగుతుంటుంది. ఇవి దోమల్ని పట్టి తింటాయని ఇంకో కథ. రెండూ కట్టుకథలే.

ఒకదాన్ని గాజు గ్లాసు కింద పట్టి నాన్నకు చూపించాను. పట్టేటప్పుడే ఒక కాలు నా వేళ్ల మధ్య ఊడి వచ్చింది. అలా కాలిచ్చి ప్రాణం దక్కించుకోవడం వీటికి అలవాటు. గ్లాసులో అది కుదురుకున్నాక రెక్కల వెనక చూస్తే, చెరో పక్క గుండుసూది లాంటి చిన్న పుల్ల, చివర గుండు. ఈగలూ దోమలూ అన్నిటికీ ఉండేవే ఇవి. ఒకప్పటి వెనక రెక్కల జతే పరిణామంలో ఇలా కుదించుకుపోయింది. ఎగిరేటప్పుడు ఈ పుల్లలు రెక్కలతో పాటు కొట్టుకుంటూ, ఒళ్లు ఎటు ఒరుగుతోందో కీటకానికి తెలియజేస్తాయి. ఇంటి ఈగలో వీటిని చూడాలంటే భూతద్దం కావాలి, కొంగ ఈగలో కళ్లద్దాలు చాలు.

ప్రపంచంలో వీటి జాతులు 15,000కు పైనే. అందులో 11,000 పైచిలుకు జాతులకు పేరుపెట్టి వర్ణించినవాడు ఒక్కడే మనిషి, ఛార్లెస్ పాల్ అలెగ్జాండర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. 1889లో పుట్టి 1981లో పోయాడు. జీవితమంతా ఈ కాళ్ల లెక్కలోనే గడిపాడు. మన దేశపు జాతులకూ చాలావాటికి ఆయన పెట్టిన పేర్లే. ఇన్ని వేల జాతుల్లో అత్యధికం ఎవరి జోలికీ పోవు. వాటి పిల్లలు వాగుల ఒడ్డున బురదలోనో, కుళ్లిన మానుల్లోనో, రాలిన ఆకుల కిందో బతుకుతాయి. మా పెరట్లో పేచీ అంతా రెండింటితోనే. ఒకటి టిపులా పాలుడోసా, ఇంకొకటి టిపులా ఒలెరేసియా. రెండూ యూరప్ నుంచి వచ్చినవే. మొదటిది 1965లో కెనడాలోని వాంకోవర్ ప్రాంతంలో కనబడింది, మరుసటి ఏడే సరిహద్దు దాటి వాషింగ్టన్ రాష్ట్రంలోకి దిగింది. రెండోదాన్ని ఇక్కడ 1998లో గుర్తించారు. చలికాలం మరీ గడ్డకట్టకుండా, వేసవి మరీ మండకుండా, ఏడాదిలో ఎక్కువ కాలం తడిగా ఉండే నేల వీటికి కావాలి. పుట్టిన చోటు వాయవ్య యూరప్ ఎలా ఉంటుందో, సియాటిల్ ప్రాంతం దాదాపు అలాగే ఉంటుంది.

ఒక్క తేడా ఉంది. ఇక్కడ జులై, ఆగస్టుల్లో చినుకు అరుదు. నేల దానంతటది ఎండిపోతుంది. ఆ ఎండిన నేలను వీటికి అనువుగా మార్చిపెడుతున్నది మన స్ప్రింక్లర్లే.

వీటి జీవితంలో రెక్కల దశ కొద్ది రోజుల ముచ్చట. ఆగస్టు చివర మొదలై అక్టోబరు దాకా, సాయంత్రం పూట, పచ్చికలోంచి ప్యూపాలు, అంటే పురుగు ఈగగా మారే ముందు తొడుగులో ఉండే దశవి, పైకి పొడుచుకువస్తాయి. ఈగ బయటపడ్డాక ఖాళీ గోధుమరంగు తొడుగు పుల్లముక్కలా గడ్డిలోనే నిలబడి ఉంటుంది. పొద్దున్నే చెప్పుల్లేకుండా నడిస్తే కాలికి తగులుతాయి. ఆడ ఈగ బయటికి రావడంతోనే కడుపు నిండా గుడ్లతో వస్తుంది. జత కట్టడం, గుడ్లలో ఎక్కువ భాగం పెట్టడం ఒక రోజులోనే ముగిస్తుంది. ఒక్కో ఈగ రెండు మూడు వందల గుడ్లు పెడుతుంది. నల్లగా, నిగనిగలాడుతూ, ఆవగింజకన్నా చిన్నగా ఉండే గుడ్లు అవి. కాబట్టి దీపం దగ్గర కనబడ్డ ఈగను చీపురుతో కొట్టి చంపినా ప్రయోజనం దాదాపు సున్నా. అది చేయవలసిన పని చేసేసి ఉంటుంది.

రెండు వారాల లోపు గుడ్లు పొదుగుతాయి. ఈ గుడ్లూ, అప్పుడే పుట్టిన పిల్లలూ తడి లేకపోతే బతకవు. వీటి కథంతా ఈ ఒక్క బలహీనత చుట్టూనే తిరుగుతుంది. తడి దొరికినవి శీతాకాలమంతా గడ్డి వేళ్లను నములుతూ పెరుగుతాయి. వెచ్చని, చెమ్మగల రాత్రుల్లో పైకి వచ్చి మొక్క మొదలును కొరుకుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వాటి ఆకలికి పట్టపగ్గాలుండవు. మే మధ్యకల్లా తినడం మానేసి, వేసవంతా నేలలో ఊరికే ఉండి, మళ్లీ ఆగస్టుకు ప్యూపాలు అవుతాయి. ఒలెరేసియాకు మాత్రం ఏడాదికి రెండు తరాలు, కనుక దాని ఈగలు వసంతంలోనూ కనిపిస్తాయి.

ఈ పిల్లపురుగుకు ఇంగ్లిషులో లెదర్‌జాకెట్ అని పేరు, తోలు చొక్కా తొడుక్కున్నది అని. మనం తోలుపురుగు అందాం. దీని ప్రతాపం తెలియాలంటే 1935లో లార్డ్స్ మైదానానికి వెళ్లాలి. ఆ ఏడు లెదర్‌జాకెట్లు అక్కడి గడ్డిని అక్కడక్కడా బోడిగుండులా చేసిపెట్టాయి. జూన్ చివర అదే మైదానంలో ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా టెస్టు జరిగింది. బోడిబారిన పిచ్ మీద బంతి గిర్రున తిరిగింది. జెనోఫన్ బాలాస్కస్ అనే లెగ్ స్పిన్నర్ రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి తొమ్మిది వికెట్లు తీశాడు. దక్షిణాఫ్రికా 157 పరుగుల తేడాతో గెలిచింది. ఇంగ్లండ్ గడ్డ మీద వాళ్లకు అదే తొలి టెస్టు విజయం, ఆ సిరీస్ కూడా వాళ్లదే అయింది. రెండో ఇన్నింగ్స్‌లో బ్రూస్ మిచెల్ కొట్టిన 164 పరుగులకూ అందులో వాటా ఉంది లెండి, గెలుపంతా పురుగుల ఖాతాలో వేయడం అన్యాయం.

నాన్న వీసా గడువు మార్చిలో ముగుస్తుందనగా, మా పెరటి పచ్చికలో ఒక మూల పసుపు తిరిగింది. నేను వెంటనే ఫోనులో పురుగుమందుల ధరలు వెతకడం మొదలుపెట్టాను. నాన్న నా వెనకే నిలబడి చూసి, "ఎన్ని ఉన్నాయి?" అన్నారు. ఏమిటన్నాను. "పురుగులు. ఎన్ని ఉన్నాయో చూడకుండా ఏ మందు కొడతావు?"

ఆయన నలభై ఏళ్లు వరి పండించిన మనిషి. వరి రసం పీల్చే సుడిదోమ పైనుంచి చూస్తే కనబడదు, దుబ్బు మొదట్లో నీటికి కాస్త పైన పట్టి ఉంటుంది. దుబ్బును కొంచెం వంచి తడితే నీటి మీద పడతాయి, లెక్కపెట్టాలి. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15 దాటితేనే మందు. అంతకు ముందే కొడితే సుడిదోమను తినే సాలీళ్లు చచ్చి, దోమ రెట్టింపై తిరిగివస్తుంది. ఈ పాఠాన్ని మా ఊళ్లో రైతులు నష్టపోయి నేర్చుకున్నారు.

పచ్చికకూ ఇలాంటి లెక్కే ఉందని చదివాక తెలిసింది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ విస్తరణ విభాగం సలహా ప్రకారం చదరపు అడుగుకు సుమారు 25 పురుగులు దాటేదాకా మందు ఊసు అవసరం లేదు. గడ్డి ఏపుగా ఉంటే అంతకన్నా ఎక్కువే తట్టుకుంటుంది. నాన్న వంటింటి కత్తి తీసుకుని అడుగు పొడవు, అడుగు వెడల్పున మూడు వైపులా కోసి, గడ్డిని చాప అంచులా పైకెత్తారు. వేళ్ల మధ్య మట్టిని చిదుపుతూ వెతికాం. మొదటిది దొరకగానే అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశారు. మట్టిరంగు, అంగుళం పొడవు, కాళ్లు లేవు, తల ఎక్కడో తెలియదు. నొక్కితే తోలులా సాగుతోంది. తోక చివర మాత్రం కండగల కొనలు ఆరు, వాటి నడుమ రెండు నల్లని చుక్కలు, పిశాచి మొహంలా. అవి కళ్లు కావు, ఊపిరి పీల్చే రంధ్రాలు. నాలుగు చోట్ల కోసి చూస్తే సగటున పదకొండు తేలాయి.

మరి పసుపు ఎందుకు? ఆ మూల పెద్ద దేవదారు నీడ, కింద నేల గట్టిపడి నీరు నిలుస్తోంది, గడ్డి స్థానంలో నాచు పరుచుకుంది. తప్పు పురుగుది కాదు, ఆ మూలది. సగం లాన్లలో సంగతి ఇదేనని నా అనుమానం, నిరూపించలేను గాని.

ఇంకో పొరపాటుకూ అవకాశం ఉంది. కాకులూ రకూన్లూ వచ్చి పచ్చికను చాపలా దొర్లించి పోతుంటే అది చాలావరకు తోలుపురుగుల వల్ల కాదు, యూరప్ నుంచే వచ్చిన చేఫర్ అనే పెంకుపురుగు పిల్లల కోసం. తెల్లగా, లావుగా, సున్నా చుట్టినట్టు వంకర తిరిగి, ఆరు కాళ్లతో ఉంటాయవి. అనంతపురం వేరుశనగ రైతుకు చూపిస్తే క్షణంలో వేరుపురుగు అంటాడు. రెండింటికీ వాడేవి వేరు వేరు ఉపాయాలు, కాబట్టి ముందు మట్టిలో చేయి పెట్టి చూడక తప్పదు.

చూడకుండా మందు చల్లిన కాలం ఒకటి ఉంది. డయాజినాన్ అనే మందు దశాబ్దాల పాటు ఇక్కడి పచ్చికలకు ఇంటింటి నేస్తం. పక్షులు గుంపులుగా చస్తున్నాయని 1988లో గోల్ఫ్ మైదానాల్లో దాని వాడకాన్ని అమెరికా ప్రభుత్వం నిలిపివేసింది. ఇళ్ల పచ్చికలకు అమ్మకాలు 2004 చివరిదాకా సాగాయి. వాన పడితే ఆ మందు వాగుల్లోకి చేరేది. అక్టోబరులో అమ్మానాన్నను ఇసాక్వా చేపల కేంద్రానికి తీసుకెళ్లాను. సముద్రం నుంచి ఏటికి ఎదురీది, తాము పుట్టిన వాగుకే తిరిగివచ్చే సాల్మన్లను చూడటానికి జనం వంతెన మీద బారులు తీరతారు. ఆ చేప దారి పట్టుకునేది వాసనతో, పుట్టిన నీటి వాసనను అది మరచిపోదు. లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము డయాజినాన్ ఉంటే చాలు, ప్రమాదాన్ని వాసనతో పసిగట్టి కదలకుండా నక్కడం చినూక్ సాల్మన్ మానేస్తుందని, మోతాదు పెరిగితే ఇంటిదారి పట్టడం కూడా దెబ్బతింటుందని సియాటిల్ శాస్త్రవేత్తలు 2000లో చూపించారు. ఇప్పుడు దుకాణాల్లో ఉన్న మందులు వేరే రకాలు. వాటిలో కొన్నింటిని పచ్చికలో పూలతో ఉన్న క్లోవర్, డాండిలయన్ మొక్కల మీద చల్లితే తేనెటీగలకు ముప్పు.

మందు లేకుండా పురుగుల్ని అదుపు చేసే దారులూ ఉన్నాయి. స్టైనర్‌నీమా ఫెల్టియే అనే నులిపురుగుల్ని ప్యాకెట్లలో అమ్ముతారు. నులిపురుగంటే టమాటా వేళ్లకు బుడిపెలు తెచ్చే శత్రువని మాత్రమే తెలిసిన నాన్న, డబ్బిచ్చి కొనడమేమిటని ఆశ్చర్యపోయారు. ఈ రకం మొక్కల జోలికి పోదు. తోలుపురుగు ఒంట్లోకి సహజ రంధ్రాల గుండా దూరి, తనతో తెచ్చుకున్న బ్యాక్టీరియాను వదులుతుంది. ఒకటి రెండు రోజుల్లో పురుగు చస్తుంది. చిన్న పురుగుల మీదే బాగా పనిచేస్తుంది, నేల తడిగానూ మరీ చల్లబడకుండానూ ఉండాలి. అంటే సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా. బ్రిటన్ తోటమాలులు ఇంకో పని చేస్తారు. పచ్చికను తడిపి రాత్రికి నల్ల ప్లాస్టిక్ పట్టా కప్పుతారు, తెల్లారి తీసేసరికి పైకి వచ్చిన పురుగుల్ని పిట్టలు ఏరుకుంటాయి. చిన్న లాన్‌కు సరదాగా ఉంటుంది, అరెకరానికి కుదిరే పని కాదు.

నా దృష్టిలో అన్నిటికన్నా ఉత్తమం ఖర్చు లేనిది. ఆగస్టు చివరి నుంచి, ఈగలు గుడ్లు పెట్టే రోజుల్లో, నీళ్లు ఆపేయడం. గడ్డి కాస్త గోధుమరంగుకు తిరుగుతుంది, వానలు మొదలయ్యాక లేస్తుంది. గుడ్లు మాత్రం ఎండుతాయి. శరత్తు వానలు ముందే పడ్డ ఏడాది ఈ ఉపాయం పారదు, అది ఒప్పుకోవాలి. దానికి తోడు గడ్డిని మరీ పొట్టిగా కోయకుండా రెండు మూడు అంగుళాలు ఉంచడం, గట్టిపడ్డ నేలకు రంధ్రాలు పొడవడం, నీరు నిలిచే చోటు సరిచేయడం. వేళ్లు లోతుగా ఉన్న గడ్డి పదో పరకో పురుగుల్ని మేపుతూనే పచ్చగా ఉండగలదు.

మరుసటి సెప్టెంబరులో స్ప్రింక్లర్ల మీట కట్టేసి నాన్నకు ఫోను చేశాను, పచ్చిక ఆరబెట్టానని. అటు నుంచి కాసేపు ఇంజను చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన గొంతు. "ఇక్కడ సుడిదోమ కనబడింది. నేనూ చేలో నీళ్లు తీసేస్తున్నాను. మీ అమ్మ అడుగుతోంది, దీపం దగ్గరికి ఆ పెద్ద దోమలు మళ్లీ వచ్చాయా అని."