వచనం ఉంటే పాట కరెక్టేనా? ఆరాధన పాటల మీద అపోహలు - వాస్తవాలు

అందరికీ వందనాలండి. మా సంఘంలో ఆదివారం ఆరాధనకి పాటలు ఎంచే పని పదమూడేళ్ళుగా నాదే. శనివారం పాస్టర్ గారు ఏ భాగం మీద వాక్యం చెప్తున్నారో ఫోన్ చేసి చెప్తారు, నేను దానికి తగ్గ పాటలు తీస్తాను, కొత్త పాట ఏదైనా ఉంటే లిరిక్స్ మొత్తం చేత్తో కాగితం మీద రాసుకుని పక్కన బైబిల్ పెట్టుకుని లైన్ లైన్ చూసి అప్పుడు స్లైడ్లు చేసే తమ్ముడికి పంపిస్తాను. వింటూ చూస్తే కుదరదండి, ట్యూన్ మనల్ని లాక్కెళ్ళిపోతుంది, అందుకే రాసుకోవడం. ఈ పనిలో నాకు తరచూ ఎదురయ్యే మాటలు కొన్ని రాస్తున్నా. ఎవరి పాట పేరూ ఎత్తట్లేదు, కింద పెట్టిన పాట లైన్లు, మా యూత్ తమ్ముడు రాసిన ఒక్కటి తప్ప, మాదిరికి నేను రాసినవే.

అపోహ: పాటే కదా, బోధ సంగతి ప్రసంగంలో చూసుకుంటారు.

వాస్తవం: కొలస్సయులకు 3:16 చూడండి, "సంగీతములతోను కీర్తనలతోను ఆత్మసంబంధమైన పద్యములతోను ఒకనికి ఒకడు బోధించుచు" అని ఉంది. పాడటాన్నే పౌలు బోధ అంటున్నాడు. ఆదివారం ప్రసంగం మంగళవారానికి మనలో సగం మందికి గుర్తుండదు, పాట మాత్రం అంట్లు తోముతున్నా బండి నడుపుతున్నా నోట్లో ఆడుతూనే ఉంటుంది. మా సంఘంలో చదువు రాని పెద్దమ్మలున్నారు, వాళ్ళకి నోటికొచ్చిన బైబిల్ చాలా వరకు పాటల్లోంచి వచ్చిందే. తప్పు బోధ చేసేవాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 4వ శతాబ్దంలో దేవుని కుమారుడైన యేసు కూడా సృష్టించబడినవాడే అని బోధించిన అరియస్, ఓడ మీద పనిచేసేవాళ్ళు, తిరగలి తిప్పేవాళ్ళు, బాటసారులు పాడుకునేలా పాటలు కట్టాడని ఫిలోస్టోర్గియస్ అనే చరిత్రకారుడు రాశాడు. ఆ బోధని ఖండించడానికి 325లో నీకయలో సభే పెట్టాల్సి వచ్చింది.

అపోహ: వచనం నుంచి తీసిన లైన్ కాబట్టి తప్పుండదు.

వాస్తవం: నేను ఎక్కువ టైమ్ పెట్టేది దీని మీదే. వచనం ఉందా లేదా అని చూడటం తేలిక, ఆ వచనం అక్కడ ఏం చెప్తోంది, పాటలోకి వచ్చాక ఏం చెప్తోంది అని చూడాలి.

"యెహోవా యీరే" (యెహోవా చూసుకుంటాడు అని అర్థం) తీసుకోండి. ఆదికాండము 22:14లో అబ్రాహాము ఆ పేరు పెట్టింది ఒక చోటికి. అక్కడ దేవుడు చూసుకున్నది ఇస్సాకుకి బదులుగా బలికి ఒక పొట్టేలుని. మన పాటల్లో అదే పేరు ఇల్లు, కారు, వీసా దగ్గరికి వచ్చేసింది. దేవుడు మన అవసరాలు తీర్చడా అంటే తీరుస్తాడు, మత్తయి 6లో ఆ మాట స్పష్టంగా ఉంది, కానీ ఆ పేరు పలికినప్పుడు మనకి బదులుగా చనిపోయిన గొఱ్ఱెపిల్ల యేసు గుర్తు రాకపోతే ఆ పేరులో ఉన్న అసలు సంగతి పోయినట్టే. ఎబెనెజరు కూడా అంతే. చాలామంది అది దేవుని పేరనుకుని "ఎబెనెజరా" అని పిలుస్తారు, 1 సమూయేలు 7:12లో అది సమూయేలు నిలబెట్టిన రాయి పేరు. పైగా అదే పుస్తకం 4వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు దిగింది ఎబెనెజరులోనే, అక్కడ మందసాన్ని, అంటే దేవుని ఆజ్ఞల పలకలున్న పెట్టెని, తాయెత్తులా యుద్ధానికి మోసుకెళ్ళి ఓడిపోయారు, మందసం కూడా పోయింది. 7వ అధ్యాయంలో వాళ్ళు బయలు దేవతల్ని తీసేసి ఉపవాసం ఉండి పాపం ఒప్పుకున్నాకే "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అన్న మాట వచ్చింది. ఈ కథ తెలిసి ఆ పాట పాడితే గుండె నిండిపోతుందండి.

"తలగా ఉంచుతావు తోకగా కాదు" అనేది ద్వితీయోపదేశకాండము 28:13. ఆ అధ్యాయం మొదలయ్యేదే "మాట శ్రద్ధగా వినిన యెడల" అని, 44వ వచనానికొచ్చేసరికి "నీవు తోకగా నుందువు" అని కూడా ఉంది. ఆ సగం ఎవరూ పాడరు.

ఇది నేను పుస్తకం చూసి నేర్చుకోలేదు. కొన్నేళ్ళ క్రితం మా సంఘంలో ఒక తమ్ముడికి కిడ్నీలు పాడయ్యాయి. వారం వారం వాళ్ళింటికి వెళ్ళి మంచం పక్కన నిలబడి పాడాం, పాట ఎంచింది నేనే, 91వ కీర్తన మీద కట్టింది, "ఏ తెగులును నీ గుడారమును సమీపించదు" అనే వచనం పల్లవిలో నాలుగుసార్లు వస్తుంది. ఆ తమ్ముడు చనిపోయాడు. భూస్థాపన అయ్యాక వాళ్ళమ్మ నన్ను పక్కకి పిలిచి "మరి మా గుడారానికి ఎందుకొచ్చింది బాబూ, మా విశ్వాసంలో ఏమైనా లోపముందా" అని అడిగింది. నోట మాట రాలేదు. ఇంటికొచ్చి ఆ కీర్తన మళ్ళీ తీస్తే 11, 12 వచనాలు కనబడ్డాయి, మత్తయి 4లో దేవాలయ శిఖరం మీద సాతాను కిందికి దూకమని ప్రభువుకి ఎత్తి చూపించింది సరిగ్గా ఆ వచనాలే. కీర్తన సత్యమే, నేను దాన్ని జబ్బు తగ్గుతుందని గ్యారంటీ కార్డులా ఆమె చేతిలో పెట్టాను.

అపోహ: పాత కీర్తనలన్నీ కరెక్ట్, యూట్యూబ్ పాటలన్నీ డొల్ల.

వాస్తవం: పురుషోత్తమ చౌదరి గారి లాంటివాళ్ళు 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలు నాకు ప్రాణం, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం చూస్తుంటేనే ఎంత శ్రద్ధగా కట్టారో తెలుస్తుంది. కానీ ఆ కాలంలో రాసినవాటిలో జనం నిలబెట్టుకున్నవే మన దాకా వచ్చాయి, మన రోజుల పాటలకి ఆ జల్లెడ ఇంకా పడలేదు. కొలత మాత్రం రెండింటికీ ఒకటే ఉండాలి.

అపోహ: ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ గారే కల్లుపాకల పాటల ట్యూన్లకి కీర్తనలు రాశారు, మనం సినిమా ట్యూన్ వాడితే ఏంటి?

వాస్తవం: అలా జరగలేదండి. జర్మన్ పాటల కట్టుబడిలో బార్ ఫామ్ అని ఒకటుంది, ఒకే ట్యూన్ రెండుసార్లు, తర్వాత వేరే ట్యూన్ ఒకసారి, ఆ పేరు చూసి మద్యం బార్ అనుకుని ఉంటారని చెప్తారు. లోకం పాట ట్యూన్‌ని ఆయన తన క్రిస్మస్ పాట ఒకదానికి వాడి, 1539 నాటికి దానికి వేరే ట్యూన్ పెట్టారు. ట్యూన్ అపవిత్రం అని నేననను, పల్లవి ఎత్తుకోగానే జనానికి హీరోయిన్ గుర్తొస్తే మాత్రం ఆ పాట పక్కన పెడతాను.

అపోహ: ఒకే లైన్ మళ్ళీ మళ్ళీ పాడటం వ్యర్థమైన మాటలే.

వాస్తవం: 136వ కీర్తనలో "ఆయన కృప నిరంతరముండును" అని 26 సార్లుంది. దాదాపు ప్రతిసారీ ముందు దేవుడు చేసిన ఒక పని ఉంటుంది. అంతే తేడా.

అపోహ: తండ్రి అన్నా యేసు అన్నా ఒకటే, పాటలో అంత పట్టింపు ఎందుకు?

వాస్తవం: మా యూత్‌లో ఒక తమ్ముడు సొంతంగా పాట రాసి తెచ్చాడు, "తండ్రీ నాకై సిలువలో ప్రాణం పెట్టితివి" అని. ప్రేమతో రాశాడు, కన్నీళ్ళతో పాడాడు కూడా. కానీ సిలువ మీద చనిపోయింది కుమారుడు, తండ్రి కాదు. 3వ శతాబ్దంలోనే తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత, తండ్రీ కుమారుడూ ఒక్కరే అని బోధించిన ప్రక్సెయస్ అనే ఆయన మీద పుస్తకం రాస్తూ ఈయన తండ్రినే సిలువ వేశాడు అన్నాడు. నేను తమ్ముణ్ణి కూర్చోబెట్టి యోహాను 3:16 చదివించి "తండ్రీ" తీసి "ప్రభువా" పెట్టి పాడి చూడు అన్నాను. రెండూ నాలుగు మాత్రలే, తాళం కదల్లేదు. వాడే ఆశ్చర్యపోయాడు. వేరేవాళ్ళ పాటలో మాత్రం మనంతట మనం మార్చకూడదు, రాసినవాళ్ళకి మర్యాదగా మెసేజ్ పెట్టాలి, కుదరకపోతే ఆ పాట మానేయాలి. కామెంట్లలో దుర్బోధ అని తిట్టి రావడం వల్ల ఎవరికీ క్షేమాభివృద్ధి లేదు.

అపోహ: ఏడుపు పాటలు అవిశ్వాసం, ఆరాధన అంటే ఎప్పుడూ జయధ్వనే.

వాస్తవం: 150 కీర్తనల్లో మూడో వంతుకి పైగా మొర పెట్టేవే. 88వ కీర్తన అయితే "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది, తర్వాత హల్లెలూయ లేదు. బైబిల్ కొలత అంటే లైన్లో తప్పు పట్టడం ఒక్కటే కాదని నాకు ఇక్కడ అర్థమైంది. ఏడాదిలో మనం పాడిన పాటలన్నీ లిస్ట్ రాసి చూస్తే, బైబిల్లో ఉండి మన నోట్లో లేనిది ఏంటో కనబడుతుంది. మా లిస్ట్‌లో మొర ఒక్కటి కూడా లేదు.

అందుకే ఆ యూత్ తమ్ముడి చేత 13వ కీర్తనకి ట్యూన్ కట్టించాం, మాటలు బైబిల్లోవే. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు" అని మొదలుపెట్టగానే మొదటి ఆదివారం సగం మంది నోరు తెరవలేదు, చప్పట్లు కొట్టాలో వద్దో తెలీలేదు. కిడ్నీలు పాడై చనిపోయిన ఆ తమ్ముడి తల్లి ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుని పైట నోటికి అడ్డం పెట్టుకుని ఆ లైన్ పాడింది. ఆఖరి చరణం, "యెహోవా నాకు మహోపకారములు చేసియున్నాడు" దగ్గరికొచ్చేసరికి ఆపేసింది. అది మిగతావాళ్ళం పాడాం.