"పక్కోనికి పడ్డయి, నాకు పడలే": రైతు భరోసా, పీఎం కిసాన్‌పై అపోహలు - వాస్తవాలు

విడత డబ్బులు విడుదలయ్యాయని టీవీలో వచ్చిన మర్నాడు, నేను రైతు వేదిక తాళం తీయకముందే నలుగురైదుగురు వచ్చి కూర్చుని ఉంటారు. ఏఈవోగా (వ్యవసాయ విస్తరణ అధికారిగా) నేను ఎక్కువసార్లు విన్న మాట పైన శీర్షికలో ఉన్నదే.

అపోహ: రెండు పథకాలూ ఒకటే, ఒకటి పడితే రెండోదీ పడాలి.

కాదు. రైతు భరోసా తెలంగాణ రాష్ట్రానిది, సాగుయోగ్యమైన భూమిని లెక్కేసి ఇస్తుంది. 2025 జనవరి 26 నుంచి ఎకరాకు సీజనుకు రూ.6,000, అంటే గుంటకు 150. రెండెకరాల ఇరవై గుంటలుంటే 15,000. పీఎం కిసాన్ కేంద్రానిది. కుటుంబానికి ఏడాదికి రూ.6,000, మూడు విడతల్లో. అర ఎకరమైనా పదెకరాలైనా అంతే.

అపోహ: బ్యాంకు పాసుబుక్కు జిరాక్సు ఇచ్చాను కాబట్టి అందులోనే పడతాయి.

సగం గొడవలు ఇక్కడే. రైతు భరోసా మీరిచ్చిన ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ చూసుకుని వెళ్తుంది. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాక కోడ్ మారిందని తెలియని వాళ్లు ఎందరో! (2018లో రైతు భరోసాకు ముందున్న రైతుబంధు మొదటిసారి చెక్కులుగా ఇచ్చినప్పుడు ఈ కోడ్ల బాధ లేదు, క్యూల బాధ ఉండేది.) పీఎం కిసాన్ మాత్రం ఆధార్ పట్టుకుని పోతుంది. మీ ఆధార్ చివరిసారి ఏ బ్యాంకు ఖాతాకు సీడింగ్ (అనుసంధానం) అయిందో అక్కడికే. కేవైసీ కోసం ఆధార్ కాగితం ఇవ్వడం వేరు, సీడింగ్ వేరు. మూడు విడతలు రాలేదని ఒక పెద్దాయన నా మీద గట్టిగానే అరిచారు. చూస్తే, ఉపాధి కూలి కోసం ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో ఆరు వేలూ భద్రంగా ఉన్నాయి. "గా బ్యాంకు ఇంకా ఉన్నదా సారూ?" అన్నారు.

అపోహ: భార్య పేరున కొంత భూమి రాయిస్తే ఇంకో ఆరు వేలు.

పీఎం కిసాన్‌లో భార్యాభర్తలు, మైనర్ పిల్లలు కలిసి ఒకే కుటుంబం. పైగా 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరున ఉందన్నదే లెక్క. ఇక రైతు భరోసా ఎకరాల లెక్క కనుక, భూమిని ఎలా పంచినా వచ్చేది అంతే. రిజిస్ట్రేషన్ ఖర్చే దండుగ.

వాట్సాప్‌లో వచ్చే "పీఎం కిసాన్" ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించేది) నొక్కితే ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ) అయిపోతుందనేది అపోహ కూడా కాదు, వల. సీఎస్‌సీలో (కామన్ సర్వీస్ సెంటర్‌లో) వేలిముద్ర వేయండి.

అపోహ: దున్నేవాడికే డబ్బులు.

రెండూ పట్టా చూసే ఇస్తాయి. కౌలుదారుకు రావు. ఊళ్లో ఎవరు విత్తారో, యజమాని ఏ పట్నంలో ఉంటాడో నాకు తెలుసు. అయినా నా తెరపై కనిపించేది పాసుపుస్తకం నంబరే. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు నాకు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడబుద్ధి కాదు.

అపోహ: నాన్న పోయినా ఆయన పేరునే వస్తూ ఉంటాయి.

రావు. పొరపాటున వచ్చినా వసూలు చేస్తారు. ముందు తహసీల్దారు దగ్గర ఫౌతి (వారసుల పేరున భూమి మార్పు) చేయించుకోండి. కొత్త పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు తీసుకుని నా దగ్గరికి రండి. వారసత్వంగా వచ్చిన భూమికి పీఎం కిసాన్‌లో ఆ 2019 గడువు అడ్డురాదు. దరఖాస్తు పెట్టేటప్పుడు మరణ ధ్రువపత్రం కూడా తెచ్చుకోండి, చాలామంది దానికోసమే రెండోసారి తిరుగుతున్నారు.