ఇరవై నాలుగో వంతు కారు: అపోహలు, వాస్తవాలు

కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ భాగాలను అతికించి స్కేల్ మోడల్ కార్లు (అసలు కారును కొలత ప్రకారం కుదించిన నమూనాలు) కట్టడం కొత్తగా మొదలుపెట్టినవారు నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం కిట్ గురించి కాదు, దానికి అదనంగా బిగించే యాక్సెసరీల గురించి, పాత కిట్లలో మిగిలిన విడిభాగాల గురించి ఉంటాయి.

అపోహ: ఖరీదైన భాగాలు ఎన్ని ఎక్కువ బిగిస్తే మోడల్ అంతగా అసలు కారులా కనిపిస్తుంది.

వాస్తవం: కంటిని నమ్మించేది కొలత. 1:24 మోడల్‌లో, అంటే అసలు కారులో ఇరవై నాలుగో వంతు ఉండే మోడల్‌లో, ఒక మిల్లీమీటరు మందం అంటే అసలు కారులో 24 మిల్లీమీటర్లు. స్పార్క్ ప్లగ్ వైరు మందం అసలు కారులో ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి మోడల్‌లో అది 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. చేతికందిన ఒక మిల్లీమీటరు వైరు తగిలిస్తే ఇంజను మీద నీళ్ల పైపులు పరిచినట్టు ఉంటుంది. విదేశాల నుంచి వచ్చే వైరు సెట్లు బాగుంటాయి, కాదనను. అయితే బోర్ల మీద బతికే నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో మోటార్ వైండింగ్ దుకాణాలకు కొదవ లేదు. అక్కడ 30 గేజీ ఎనామిల్ రాగి తీగ ముక్క అడిగి తెచ్చుకుంటే, దాని రాగి మందం 0.315 మిల్లీమీటర్లు, పైపూతతో కలిపి 24తో గుణిస్తే ఎనిమిది చుట్టుపక్కలే తేలుతుంది. ఆ తీగను రెండు గాజు పలకల మధ్య దొర్లించి వంకరలు తీసి, ప్రైమర్ వేశాకే రంగు వేయాలి. లేకపోతే వంచిన చోటల్లా రంగు పెచ్చులూడుతుంది. ప్లగ్ వైర్లు బయలుదేరే డిస్ట్రిబ్యూటర్ మూతకు రంధ్రాలు వేయడానికి పిన్ వైస్‌లో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు పిడిలో) 0.4 మిల్లీమీటర్ల బిట్టు పెట్టి వేళ్లతోనే తిప్పాలి, ఎందుకంటే కరెంటు డ్రిల్లు వేగానికి ప్లాస్టిక్ కరిగి రంధ్రం చెడిపోతుంది.

అపోహ: 1:24కూ 1:25కూ తేడా నామమాత్రమే, ఏ భాగమైనా దేనికైనా పడుతుంది.

వాస్తవం: ఇది సగం నిజం. టామియా, హసెగావా, ఫుజిమి, అవోషిమా వంటి జపాన్ కంపెనీల కార్లు ఎక్కువగా 1:24లో, ఏఎంటీ వంటి అమెరికా కిట్లు ఎక్కువగా 1:25లో వస్తాయి. తేడా నాలుగు శాతమే. అసలు కార్లలోనే చక్రాలు, సీట్లు, బ్యాటరీలు రకరకాల సైజుల్లో ఉంటాయి కాబట్టి వాటిని నిశ్చింతగా అటూ ఇటూ మార్చుకోవచ్చు. కానీ 4.3 మీటర్ల కారు 1:24లో 179 మిల్లీమీటర్లు, 1:25లో 172 మిల్లీమీటర్లు అవుతుంది. ఆ ఏడు మిల్లీమీటర్ల తేడా వల్ల ఒకదాని ఛాసిస్ మరొకదాని బాడీలో కూర్చోదు, అద్దాల సంగతి చెప్పనక్కర్లేదు.

అపోహ: ఫెవిక్విక్ లాంటి జిగురు ఒక్కటుంటే అన్నీ అతుకుతాయి.

వాస్తవం: కిట్లలో ఉండే పాలీస్టైరీన్ ప్లాస్టిక్ భాగాలకు మోడల్ సిమెంట్ అనే జిగురే సరైనది, ఎందుకంటే అది రెండు అంచులనూ కరిగించి ఒకటిగా చేస్తుంది. అదే సిమెంటు ఇత్తడి రేకు భాగాలనూ రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే పదార్థం) భాగాలనూ పట్టుకోదు, వాటికి సైనో జిగురు, అంటే ఫెవిక్విక్ రకం, కావాలి. క్రోమ్ పూత ఉన్న భాగాలకైతే అతికే చోట పూతను బ్లేడుతో గీకాలి. సైనో జిగురును అద్దాల దరిదాపులకు రానివ్వకూడదు. దాని ఆవిరి తెల్లటి పొరగా పేరుకుంటుంది. అద్దాలకు ఎండాక పారదర్శకమయ్యే తెల్ల జిగురు, అంటే మామూలు ఫెవికాల్ చాలు.

రెజిన్ భాగాలను సాన పట్టేటప్పుడు మాస్కు అవసరం లేదనుకోవడం మాత్రం ప్రమాదకరమైన అపోహ. వాటర్ పేపర్‌ను తడిపి రుద్దితే పొడి లేవదు, అయినా మాస్కు తీయవద్దు.

అపోహ: మన ఎర్ర చల్క మట్టి చల్లితే అచ్చమైన దుమ్ము పట్టిన కారు తయారవుతుంది.

వాస్తవం: రంగు సరిపోతుంది, రేణువు సరిపోదు. పావు మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ కొలతలో ఆరు మిల్లీమీటర్ల గులకరాయి. మట్టిని పలుచని బట్టలో జల్లించి అడుగున రాలిన పొడినే వాడాలి, లేదా పాస్టెల్ చాక్‌ను అరగదీసుకోవాలి. చక్రాల వెనుక, తలుపుల కింది అంచున ఎక్కువగా, పైకప్పు మీద తక్కువగా బ్రష్‌తో అద్దాలి. మీద మ్యాట్ క్లియర్ (మెరుపు లేని పారదర్శక పూత) కొట్టగానే పొడి రంగు చాలావరకు మాయమవుతుంది కాబట్టి ముందే కాస్త ఎక్కువగా వేసుకోవాలి.