నాజీలు దోచిన పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

నేను బెర్లిన్‌లో పాత పుస్తకాల అసలు యజమానులను వెతికే పని చేస్తాను. నాజీలు యూదుల ఇళ్ల నుంచి ఎత్తుకుపోయిన పుస్తకాలు ఇక్కడి లైబ్రరీల్లో ఇంకా ఉన్నాయి. ఈ పని గురించి చెబితే మనవాళ్లు అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: దోచుకున్నవి పెయింటింగులు, బంగారమే.
వాస్తవం: వార్తల్లోకెక్కేవి అవి. దోచింది మాత్రం ఇంటికి ఇల్లు. ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్‌లలో 1942-44 మధ్య సుమారు 70,000 ఇళ్లు ఊడ్చేశారు. మంచాలు, కర్టెన్లు, గిన్నెలు ఎన్నో బాంబు దాడుల్లో ఇళ్లు పోయిన జర్మన్లకు చేరాయి. గిన్నె మీద పేరుండదు, ఆచూకీ దొరకడం కష్టం. పుస్తకం మీదైతే చాలామంది పేరు రాసుకుంటారు.

అపోహ: యుద్ధం ముగిశాక తిరిగొచ్చినవాళ్లకు సామాన్లు దక్కే ఉంటాయి.
వాస్తవం: నెదర్లాండ్స్ నుంచి నాజీ శిబిరాలకు తరలించిన సుమారు 1,07,000 మంది యూదుల్లో ప్రాణాలతో మిగిలింది 5,000 మందికి కాస్త పైన. వచ్చేసరికి చాలామంది ఇళ్లలో వేరేవాళ్లు కాపురముంటున్నారు. దాచిపెట్టమని ఇచ్చిన వెండి సామాను భద్రంగా అప్పగించిన పక్కింటివాళ్లూ ఉన్నారు, మొహం మీదే తలుపేసినవాళ్లూ ఉన్నారు.

అపోహ: తమదేనని కుటుంబమే రుజువు చేసుకోవాలి.
వాస్తవం: వెతకాల్సిన బాధ్యత మాది. బెర్లిన్ నగర లైబ్రరీ 1943లో నగర తాకట్టు కార్యాలయం నుంచి 40,000కు పైగా పుస్తకాలు కొంది. అవన్నీ తరలించిన యూదుల ఇళ్లవి. కొన్నిటిని 'జె' (జర్మన్‌లో 'యూదు' అనే మాటకు మొదటి అక్షరం) అక్షరంతో విడిగా రిజిస్టరులో ఎక్కించారు. యుద్ధం తర్వాత మరికొన్నిటిని 'బహుమతి' అని రాసి కలిపేసుకున్నారు. ఆ మాట కనబడినప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది.

అట్ట తిప్పితే, యజమాని పేరున్న చీటీ చింపేసిన చోట నలుచదరంగా జిగురు మరక ఉంటుంది. దాని కొలత తీసుకుని, చీటీ మిగిలిన వేరే పుస్తకాలతో పోలుస్తాం. ఒక్కోసారి లోపలి పేజీలో పెన్సిలుతో రాసిన పేరు, పుట్టినరోజు శుభాకాంక్షలు దొరుకుతాయి. పేరు దొరికితే పాత చిరునామా పుస్తకాలు, తరలింపు జాబితాలు చూస్తాం. ఆ తర్వాత జెరూసలేంలో నాజీలు చంపిన యూదుల స్మారక సంస్థ యాద్ వషేమ్‌లో చనిపోయినవారి కోసం బంధువులు నింపిన ఫారాలు. ఫారం నింపిన మనిషి పేరే చాలాసార్లు వారసులకు దారి చూపిస్తుంది.

అపోహ: ఇన్నేళ్లయ్యాక హక్కు ఉండదు.
వాస్తవం: జర్మన్ చట్టంలో సొత్తు తిరిగి అడగడానికి ఉన్న 30 ఏళ్ల గడువు అడ్డుపడే మాట నిజమే. కానీ 1998లో వాషింగ్టన్‌లో నాజీలు దోచిన కళాఖండాల విషయంలో న్యాయమైన పరిష్కారం వెతకాలనే కొన్ని సూత్రాలకు 44 దేశాలు ఒప్పుకున్నాయి. అవి చట్టం కాకపోయినా, వాటిని పాటించే ప్రభుత్వ లైబ్రరీలు గడువు చూపించి కాదనవు. ప్రైవేటు సేకరణలకు ఆ కట్టుబాటు లేదు. ఇది పెద్ద లోటు.

అపోహ: డబ్బు విలువ లేని చిరిగిన పుస్తకం ఎవరికి కావాలి?
వాస్తవం: కొన్ని కుటుంబాలకు తాతగారి చేతిరాత మిగిలింది అందులోనే. ఇంకొందరు, ఇది ఎవరిదో పేరు రాసి లైబ్రరీలోనే ఉంచండి అంటారు. ఏం చేయాలో నిర్ణయం వాళ్లదే.