అన్నిటికీ ‘షాబీ’ చాలదు: అపోహలు - వాస్తవాలు

సరిగ్గా తయారవ్వని మనిషిని ఇంగ్లిష్‌లో వర్ణించమంటే మా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో దాదాపు అందరూ ఒకే మాట రాస్తారు: షాబీ.

అపోహ: మాసినా, చిరిగినా, నలిగినా షాబీయే.

వాస్తవం: తెలుగులో మాసిన చొక్కా వేరు, వెలిసిన చొక్కా వేరు. ఇంగ్లిష్‌లోనూ అంతే. వాడి వాడి కళ తప్పితే షాబీ. చిందరవందరగా, పట్టించుకోనట్టు ఉంటే స్క్రఫీ; బట్ట కొత్తదైనా సరే. ఇస్త్రీ లేక నలిగితే క్రంపుల్డ్. పోగులు కనబడేంతగా అరిగితే థ్రెడ్‌బేర్.

ఒకమ్మాయి వాళ్ల తాతయ్య గురించి రాస్తూ ‘మై గ్రాండ్‌ఫాదర్ వాజ్ ఎ షాబీ మ్యాన్’ అంది. ఎలా ఉండేవారమ్మా అని అడిగాను. ఉన్నవి రెండే తెల్ల చొక్కాలట. ఒకటి ఉతికి ఆరేసి రెండోది వేసుకునేవారట. కాలర్ అరిగితే నానమ్మ దాన్ని విప్పి, తిరగేసి కుట్టేదట. అలాంటి మనిషిని షాబీ మ్యాన్ అనొచ్చా? ఆ మాటకు నీచంగా ప్రవర్తించేవాడనే అర్థం కూడా ఉంది. ‘హిజ్ షర్ట్ వాజ్ థ్రెడ్‌బేర్ బట్ స్పాట్‌లెస్’ అని, అంటే చొక్కా అరిగినా మరక లేనిదని, మార్చాం. ఆ అమ్మాయి దాన్ని రెండుసార్లు పైకి చదువుకుంది. పేదరికాన్ని చెప్పే మాట వేరు, బద్ధకాన్ని చెప్పే మాట వేరు. బద్ధకంతో శుభ్రం పట్టించుకోనివాళ్లను అనే స్లాబ్ (slob), స్లోవెన్లీ రెండో రకం. తెలియక వాడితే లేనివాళ్లను తిట్టినట్టే.

అపోహ: బట్టలు బాగోలేకపోతే ‘షాడీ (shoddy) డ్రెస్సింగ్’ అనొచ్చు.

వాస్తవం: పాత ఉన్ని గుడ్డలను చీల్చి, పీచు తీసి మళ్లీ నేసిన బట్టకు షాడీ అని పేరు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, బాట్లీ అనే ఊళ్లో 1813 ప్రాంతంలో బెంజమిన్ లా దీన్ని మొదలుపెట్టాడంటారు. నాసిరకం అనే అర్థం ఈ బట్ట వల్లే వచ్చింది. ఇప్పుడు పనికో సరుక్కో వాడతారు, మనిషి వేషానికి కాదు. పాత ఉన్నితో మళ్లీ బట్ట నేసే మన పానిపట్‌లో మాత్రం అది ఇప్పటికీ ఆ సరుకు పేరే.

అపోహ: అన్‌కెంప్ట్, డిషెవెల్డ్ అంటే మాసిన బట్టలు.

వాస్తవం: రెండూ పుట్టింది జుట్టు నుంచి. కెంప్ట్ అంటే దువ్వినది. డిషెవెల్డ్‌లో దాగి ఉన్నది జుట్టుకు పాత ఫ్రెంచ్ మాట. తర్వాత బట్టలకూ పాకాయి. మన చింపిరి జుట్టు గుర్తుంచుకుంటే ఈ రెండూ మర్చిపోరు.

అపోహ: డౌడీ, ఫ్రంపీ ఎవరికైనా వాడొచ్చు.

వాస్తవం: ఎక్కువగా ఆడవాళ్లనే అంటారు. మురికీ చిరుగూ ఉండక్కర్లేదు, ఫ్యాషన్‌గా లేకపోతే చాలు. నేను అర్థం చెబుతాను కానీ వాడమని చెప్పను.

అపోహ: నిరాడంబరంగా ఉండే అమ్మాయి ‘హోమ్లీ’, అబ్బాయి ‘సింపుల్’.

వాస్తవం: అమెరికాలో హోమ్లీ అంటే అందంగా లేని మనిషి. ‘హి ఈజ్ సింపుల్’ అంటే తెలివి తక్కువ అనుకునే ప్రమాదం ఉంది. ‘హి డ్రెసెస్ సింప్లీ’ అంటే ఏ గొడవా లేదు. అమెరికాలో పెరిగిన అబ్బాయి వాళ్లకు బయోడేటా పంపుతుంటే హోమ్లీ తీసేసి, ఇంటి పట్ల శ్రద్ధ గల పిల్ల అని చెప్పడానికి ‘ఫ్యామిలీ-ఓరియెంటెడ్’ అని రాయండి.