కుమ్మరి ఒక్కడేనా?

పిల్లలూ,

దేవుడున్నాడని వాదించి చెప్పొచ్చా, లేక ఊరికే నమ్మాలా అని అడిగారు. ఫోన్లో మొదలుపెడితే తాతయ్య ఉపన్యాసం అంటారని రాస్తున్నాను.

తర్కశాస్త్రంలో అక్షరాభ్యాసం లాంటి పుస్తకం తర్కసంగ్రహం. రాసింది మన తెలుగువారే, అన్నంభట్టు. దానికి ఆయనే రాసిన దీపిక అనే వ్యాఖ్యలో ఈ వాదన ఉంది: కుండ ఒకప్పుడు లేదు, తర్వాత పుట్టింది, దాన్ని చేసిన కుమ్మరి ఉన్నాడు. మొలకా అలా పుట్టిందే. కాబట్టి దానికీ ఒక కర్త ఉండాలి, ఆయనే ఈశ్వరుడు. ఇది నైయాయికుల, అంటే న్యాయదర్శనం పండితుల, పాత వాదన. మిథిల పండితుడు ఉదయనాచార్యులు పదో శతాబ్దం ప్రాంతంలో న్యాయకుసుమాంజలి రాసి దీన్ని గట్టిగా నిలబెట్టారు.

బాగానే ఉంది కదా? కానీ బౌద్ధుడైన ధర్మకీర్తి అంతకు చాలా ముందే ఒక చురక వేశాడు. కుండ మట్టిది, కుమ్మరి చేశాడు. పుట్టా మట్టిదే. అయితే దాన్నీ కుమ్మరే చేశాడా?

నాకు అన్నిటికంటే ఇష్టం రామానుజాచార్యుల పేచీ. ఆయన నాస్తికుడేం కాదు, పరమ భక్తుడు. అయినా బ్రహ్మసూత్రాలకు తాను రాసిన వ్యాఖ్య శ్రీభాష్యంలో ఈ వాదనను నిలదీయకుండా వదల్లేదు. లోకమంతా ఒక్కడే, ఒక్కసారే చేశాడని ఎలా తెలిసింది? వేర్వేరు కాలాల్లో వేర్వేరు కర్తలు చేసి ఉండొచ్చుగా? మనం చూసిన కర్తలందరికీ ఒళ్లుంది, మరి ఈశ్వరుడికీ ఉండాలా? దేవుడు శాస్త్రం వల్ల, అంటే వేదం వల్ల, తెలుస్తాడే గాని ఇలాంటి ఊహ వల్ల కాదని ఆయన తీర్పు.

నా లెక్క ఇది. లోకానికి ఒక కారణం ఉండాలనుకోవడం తెలివితక్కువ పని కాదు, ఈ వాదన అంతవరకు నిలుస్తుంది. ఆ కారణం ఒక్కటేననీ, దానికి దయ ఉందనీ చెప్పడానికి మాత్రం చాలదు. నమ్మనివాణ్ని మూర్ఖుడనడానికి అసలే చాలదు.

ఉదయనాచార్యులకూ ఇది తట్టకపోలేదనిపిస్తుంది. తన తర్కాన్ని ఆయన మననం అన్నారు, ఉపాసన అన్నారు. పుస్తకం చివర ఒక ప్రార్థన చేశారు: నిన్ను కాదని వాదించేవాళ్లు కూడా నిన్ను గట్టిగా తలుచుకుంటున్నవాళ్లే, సమయం వచ్చినప్పుడు వాళ్లనూ నువ్వే దయచూడు అని. అంత పోట్లాడి, ఎదుటి పక్షానికే సిఫారసు!

పరీక్షలయ్యాక వస్తారుగా. ధర్మకీర్తి పక్షం మీరు తీసుకోండి, ఉదయనుడి పక్షం నేను చూసుకుంటాను. రామానుజుల పక్షం మీ నానమ్మకి వదిలేద్దాం, ఆవిడతో ఎలాగూ గెలవలేం.

మీ తాతయ్య